మసి కాలేదాకా

హామిల్టన్ రౌండెబౌట్లు అయిపోయి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినా కృష్ణవేణి నాలుగో గేరులోనే ఉంది, పై గేరుకు పోలేదు, బండి కొన్నచోటి సర్వీస్ మేనేజర్ అలాగే చెప్పాడు, ఇంజను చుట్లు నిమిషానికి రెండున్నర వేలకు తగ్గకూడదు, వేగం వందకు తగ్గకూడదు, ఆగకూడదు, మధ్యలో ఇంజను కట్టెయ్యడం అసలే కూడదు, అలా అరగంట పోనిస్తే పొగగొట్టం ఫిల్టర్‌లో పేరుకున్న మసి దానంతటది కాలిపోతుంది, డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఆరిపోతుంది. ఎక్కడికి పోవాలి అని ఆమె అడిగింది. ఎక్కడికైనా సరే, ఎండ బాగుంది, అలా షికారు వెళ్ళిరా, అన్నాడతను. షికారు. పొద్దున్నే లేచి ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, మాత్రలు మింగించి, సాయంత్రం మళ్ళీ అదే పనికి పోయేలోపు నడుం వాల్చడానికి దొరికే రెండు గంటల్లో, వెళ్ళే ఊరు లేకుండా, కలిసే మనిషి లేకుండా, రోడ్డు మీద డీజిల్ తగలెయ్యడం షికారు. ఇక్కడ డీజిల్ బండికి రోడ్డు పన్ను కిలోమీటర్ల లెక్కన ముందే కొనుక్కోవాలి, కొన్న చీటీ అద్దానికి పెట్టుకోవాలి, ఆ చీటీ ఎడమ పక్కన కింద కనిపిస్తూనే ఉంది, ఆ కిలోమీటర్లు కూడా ఈ మసికే పోతున్నాయి. అద్దంలో వెనక తెల్లని పొగ లేచింది. పొగలోంచి ఒక కారు బయటపడి, పక్క లేన్‌లోకి వచ్చి, ఆమెను దాటుతుంటే, అందులో ఉన్నాయన తల తిప్పి చూశాడు. చూడు. బాగా చూడు. నడపడం రాని ఆడమనిషి అనుకో. వర్క్‌షాపు వాళ్ళే అన్నారు, ఇంట్లోవాళ్ళే అన్నారు, దారిన పోయేవాడివి నువ్వెందుకు అనుకోకూడదు.

మూడింటికి ఆక్లాండ్ నుంచి లాయరు ఫోన్ చేస్తుంది. అవును అనో కాదు అనో చెప్పాలి. ఈ కంపెనీ ఇదే మోడల్ బండ్లు దేశమంతా అమ్మింది, దేశమంతా వాటి ఫిల్టర్లు ఇలాగే మూసుకుపోతున్నాయి, కొన్నవాళ్ళంతా కలిసి కంపెనీ మీద ఒకటే కేసు వేస్తున్నారు, అందరి తరఫునా ముందు ఒకరి పేరుండాలి, ఆ పేరు నీదైతే బాగుంటుంది అని లాయరు పోయిన వారం అడిగింది. ఎందుకు నాది అంటే, ఒక్క బండి అన్నిసార్లు వర్క్‌షాపుకు పోయిన దాఖలా ఇంకొకరి దగ్గర లేదు, పోయిన ప్రతిసారీ వాళ్ళు నీకు ఒకే జవాబు చెప్పారు, అంది. ఒకే జవాబే. మీ డ్రైవింగ్ తీరు, మేడమ్. మీవన్నీ చిన్న చిన్న ట్రిప్పులు, మేడమ్. మొదటిసారి నవ్వుతూ చెప్పారు, రెండోసారి నవ్వకుండా చెప్పారు, మూడోసారి ఆమెతో కాదు, ఆమె పక్కన నిలబడ్డ సృజన్‌తో చెప్పారు, మీ ఆవిడకు కాస్త నేర్పించండి అని. సృజన్ తల ఊపాడు. ఆ ఊపిన తల ఇంకా ఊగుతూనే ఉంది, పొద్దున టీ పెట్టుకుంటుంటే ఊగుతుంది, రాత్రి దీపం ఆర్పితే ఊగుతుంది. చిన్న ట్రిప్పులు కాక ఏముంటాయి, బెరిల్ అనే ముసలావిడ ఇంటి నుంచి తర్వాతి ఇంటికి ఆరు నిమిషాలు, అక్కడి నుంచి ఇంకో ఇంటికి నాలుగు నిమిషాలు, ఊరంటే ఊళ్ళో తిరగడమే కదా, ఊళ్ళో తిరగకూడని బండిని ఊళ్ళో ఎందుకమ్మారు. కొన్నప్పుడు చెప్పారా. సీట్లు ఎట్లా వేడెక్కుతాయో చెప్పారు, ఫోన్ ఎట్లా కలుస్తుందో చెప్పారు. కొత్త బండికి పూజ చేసుకుంటామంటే మీకోసం నిమ్మకాయలు కూడా తెప్పించాం అన్నారు.

నిజంగానే తెప్పించారు. గాజు గిన్నెలో, రిసెప్షన్ బల్ల మీద, నాలుగు టైర్లకు నాలుగు. అంతకు ముందు వారమే జనార్దన్ అన్న బండి తీసుకున్నాడు, ఫ్రాంక్‌టన్‌లో ఇండియన్ గ్రోసరీ నడిపే జనార్దన్ అన్న, ఆయన ఏ బియ్యం మంచిదంటే హామిల్టన్ తెలుగువాళ్ళంతా ఆ బియ్యమే వండుకుంటారు, ఆయన ఏ బండి మంచిదంటే ఆ బండే కొంటారు, గుంపుగా కొంటే తగ్గిస్తారని ఆయనే మాట్లాడాడు. సృజన్ పాల యంత్రాలు బాగుచేసే కంపెనీలో టెక్నీషియను, ఫారాలకు పోవాలి, సామాను వెయ్యాలి, పెద్ద బండే కావాలన్నాడు. ఆవరణలో కొబ్బరికాయ కొట్టారు, సేల్స్‌మన్ ఎగిరి వెనక్కి దూకాడు, అందరూ నవ్వారు, చీర కట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చున్న ఆమెను ఫోటో తీసి ఫ్రేము కట్టి షోరూమ్ గోడకు పెట్టారు. ఆర్నెల్లకు సృజన్‌కు వాళ్ళ కంపెనీ వాళ్ళే వ్యాను ఇచ్చారు, ఈ బండి ఆమెకొచ్చింది. పసుపు దీపం కూడా ఆమెకే వచ్చింది. మొన్న ఏడోసారి పోయినప్పుడు కూడా ఆ ఫోటో అక్కడే ఉంది, ఆ ఫోటో కింద కుర్చీలోనే ఆమెను కూర్చోబెట్టి నీకు నడపడం రాదని చెప్పారు, పైన గోడ మీద ఆమె పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. తీసెయ్యమని అడగాలనిపించింది. అడగలేదు. ఎందుకు అడగలేదు.

కరాపిరో దగ్గర నాలుగు లేన్లు రెండయ్యాయి, ఎడమ పక్కన నీళ్ళు, నీళ్ళ మీద పడవలు, పడవల్లో పిల్లలు తెడ్లు వేస్తున్నారు, దీపం ఆరలేదు. ఇదే దారిలో ఆదివారాలు పిక్నిక్ అని వస్తారు. ఆ మాట తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. మొదట జనార్దన్ అన్నే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, ఈ ఆదివారం తీరావు దాకా సరదాగా పోయి పులిహోర తిని వద్దాం అని, ఆ పై ఆదివారం రాగ్లాన్, ఆ పైది ఇంకోటి, ఒకే మోడల్ బండ్లు వరసగా, అన్నీ నాలుగో గేరులో, అన్నీ వెనక పొగ వదులుకుంటూ, అక్కడికి చేరాక కూడా ఇంజన్లు కట్టెయ్యకుండా అలాగే వదిలి, మగవాళ్ళు బండ్ల చుట్టూ నిలబడి ఆడవాళ్ళు స్టీలు డబ్బాలు తెరుస్తుంటే, ఒక్కరంటే ఒక్కరు ఫిల్టర్ మాట ఎత్తరు. పిల్లలు మాత్రం ఇంగ్లీషులో అడుగుతారు, ఇంజన్ ఎందుకు ఆపలేదు అని. ఏసీ కోసం అని చెప్తారు. జూలైలో, ఇక్కడి నడి చలికాలంలో, ఏసీ. పక్కకు పిలిచి అడిగితే ప్రతివాళ్ళూ చెప్తారు, మాదీ అంతే వదినా, మాకూ దీపం వస్తుంది, మా ఆయన ఎవరికీ చెప్పొద్దన్నాడు. దిష్టి తగిలిందని ఒకావిడ నిమ్మకాయలు మిరపకాయలు గుచ్చి బంపరు కింద కట్టింది, ఆ పొగ వేడికి మిరపకాయలు నల్లబడితే చూశావా ఎంత దిష్టి ఉందో అంది. నవ్వుకోవాల్సిన మాటే. బెరిల్ సంగతి జరిగేదాకా నవ్వింది కూడా.

బెరిల్‌కు ఎనభై ఎనిమిదేళ్ళు, ఒంటరిది, పొద్దున్నే బాత్రూమ్‌లోకి తనే పోయి స్నానం కుర్చీలో కూర్చుంటుంది, లేవడం మాత్రం ఆమె వల్ల కాదు, వేణి వచ్చేస్తుంది కదా అని కూర్చుంటుంది, రోజూ అంతే. ఆ రోజు పీచ్‌గ్రోవ్ రోడ్డు మీద దీపం ఎర్రబడింది, బండి తనంతట తాను నెమ్మదించింది, ఎంత తొక్కినా పోదు, తర్వాత ఆగిపోయింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఇంకొకరు దొరికేసరికి గంట. బెరిల్ గంటసేపు ఒంటి మీద తువ్వాలుతో ఆ కుర్చీలో ఉంది, ఆగస్టు నెల, చలి ఇంకా పోలేదు, కిటికీ తెరిచి ఉంది. చచ్చిపోలేదు. జలుబు చేసి తగ్గింది. మర్నాడు పోతే ఆమె కోప్పడలేదు, నీ బండికి ఏమన్నా అయిందేమోనని భయపడ్డాను అంది, కృష్ణవేణి అది ఇంకా తట్టుకోలేకపోయింది. ఆఫీసువాళ్ళు వార్నింగ్ ఇచ్చారు, ఇంకోసారి ఇలా అయితే ఉద్యోగం సంగతి ఆలోచించాలన్నారు. ఆ సాయంత్రం సృజన్ అన్నం కలుపుకుంటూ, పెద్దగా అరవకుండా, మామూలుగా, నువ్వే సరిగ్గ నడుపుతలేవేమో వేణీ, వాళ్ళు ఊరికే అంటరా, అన్నాడు. ఊరికే అంటరా. మంచినీళ్ళ గ్లాసు అతని ముందు పెట్టింది, బల్ల మీద నీళ్ళు చిందాయి. ఆ మాట అంతకు ముందు ఒకసారి విన్నది. ఇదే మాట, ఇలాగే, అన్నం దగ్గరే. అమ్మ అన్నది నాయనతో.

నాయన వెంకటస్వామి, అచ్చంపేట డిపో డ్రైవరు. డిపో గేటు లోపల నల్లబోర్డు ఉండేది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెస్తున్నాడో ప్రతి డ్రైవరు పేరు పక్కనా రాసేవాళ్ళు, తక్కువ తెచ్చినవాళ్ళవి ఎర్ర చాక్‌పీసుతో. నాయన పేరు ఒక ఎండాకాలం మొత్తం ఎరుపులోనే ఉంది. బండిలో పంపు పోయింది, డీజిల్ తాగుతోంది, తోలేవాడికి తెలుసు, మెకానిక్కుకు తెలుసు, పై ఆఫీసరుకు కూడా తెలిసే ఉంటుంది, సామాను రావాలన్నారు, సామాను రాలేదు, బోర్డు మీద మాత్రం పేరు రోజూ వచ్చేది. ఊరికే అంటరా, నువ్వే ఎక్కువ తొక్కుతున్నవేమో అంది అమ్మ. ఆ మాట తర్వాతే నాయన ఆ పని మొదలుపెట్టాడు, శ్రీశైలం నుంచి వచ్చేటప్పుడు ఘాట్ దిగుడులో ఇంజను బంద్ చేసి బస్సును ఉత్తగా వదలడం, ఆ మేరకు డీజిల్ మిగులుతుంది. పేరు ఎరుపులోంచి తెలుపులోకి వచ్చింది. ఒకరోజు మలుపు దగ్గర బ్రేకులకు గాలి చాల్లేదు. ఇంజను ఆగితే గాలి నిండదు, అది ఆయనకు తెలియక కాదు. లోయ వైపు పోనివ్వకుండా గుట్టకు కొట్టించాడు, జనం బతికారు, ఒకావిడ పళ్ళు రాలాయి. విచారణ రోజు టిఫిను క్యారేజీ పట్టుకుని కృష్ణవేణి డిపో మేనేజరు గది బయట నిలబడింది, అప్పటికి పదమూడేళ్ళు, తలుపు సగం తెరిచి ఉంది. పంపు సంగతి ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని చూస్తోంది. తప్పు నాదే సార్, అన్నాడు. ఇంకేం అనలేదు. ఆ ఒక్క మాటతో స్టీరింగు పోయింది, రిటైరయ్యేదాకా అదే డిపోలో బస్సులు కడిగాడు. ఆ బస్సును కూడా కడిగాడు, దానికి పంపు మార్చాక. ఎందుకు చెప్పలేదు నాయనా అని ఒకసారి అడిగితే, చెప్తే ఏమైతది బిడ్డా, పెద్దోళ్ళతోని ఎందుకు, అన్నాడు. ఈ బండి కొన్నరోజు వీడియోలో చూపిస్తే ఆయన అడిగింది ఒక్కటే. యావరేజి ఎంత ఇస్తది బిడ్డా? ఆ మరుసటేడు పోయాడు.

తీరావు వచ్చింది, రేకులతో కట్టిన పెద్ద కుక్క బొమ్మ, రేకుల గొర్రె, వాటి ముందు ఫోటోలు దిగుతున్న టూరిస్టులు, ఊళ్ళో యాభై దాటకూడదు, ఇక్కడ ఆగితే మసి కాలదు, అరగంటలో ఒక ఊరు తగలకుండా పోయే రోడ్డు ఎక్కడుందో ఆ సర్వీస్ మేనేజర్ గాడిదనే అడగాలి, ఆ చివర రౌండెబౌట్ దగ్గర చుట్టు తిరిగి మళ్ళీ వచ్చిన దారి పట్టింది. ఊరు దాటి వంద పట్టేసరికి స్పీకర్‌లో ఫోన్ మోగింది. లాయరు కాదు, సృజన్.

"యాడున్నవ్?"

"రోడ్డు మీద."

"లాయరు చేసిందా? వద్దని చెప్పు వేణీ. జనార్దనన్న ఇప్పుడే ఫోన్ చేసిండు. కోర్టు కేసు ఉంటే ఇమిగ్రేషనోళ్ళు ఫైలు పక్కకు పెడతరంట."

"కేసు మన మీద కాదు. మనం వేస్తున్నం. లాయరు చెప్పింది, దానికీ దీనికీ సంబంధం లేదని."

"ఆమెకేం తెలుసు మన పరిస్థితి. కేసు కేసే గదా. రెసిడెన్సీ వచ్చేదాక ఆగు. ఎవ్వరూ పేరు ఇస్తలేరు, మనకే ఎందుకు?"

"జనార్దనన్న బండికి పొగ వస్తలేదా?"

"వస్తది. ఆయన వచ్చే నెల అమ్మేస్తడంట. మనం గూడ అమ్మేద్దం. మొన్న వచ్చిన పిల్లలు బండి అడుగుతున్నరు, ఇక్కడ యూనివర్సిటీల చదువుకునేటోళ్ళు, వాళ్ళకు ఈ దీపం సంగతి..."

"తెల్వదు. అంతే గదా?"

"నేనట్ల అన్లే."

"ఇక్కడ లైసెన్సు టెస్టుల రెండుసార్లు ఫెయిలైంది ఎవరు సృజన్?"

"ఇప్పుడదెందుకు?"

"ఎవరు?"

"నేనే. అయితే?"

"నేను ఒక్కసారికే పాసైన. ఎప్పుడన్న ఎవరి ముందన్న అన్ననా? వర్క్‌షాపుల వాడు నీ ఆవిడకు నేర్పించు అంటే తల ఊపి వచ్చినవ్. ఏం నేర్పిస్తవ్ నాకు?"

పెట్టేసింది. అమ్మేద్దం. నాలుగు నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దీపం ఒక గంట ఆరేలా ముందు రోజు ఒక షికారు కొట్టుకొచ్చి, ఫీజులకు రాత్రుళ్ళు పెట్రోల్ బంకుల్లో పనిచేసే పిల్లల చేతిలో పెడదాం. వాళ్ళు ఆదివారం పిక్నిక్‌కు వస్తారు, ఇంజను ఎందుకు కట్టెయ్యరన్నా అని అడుగుతారు, ఏసీ కోసం అని చెప్దాం. వాళ్ళ పేరు ఎరుపులో రాస్తారు, వాళ్ళు ఏం చేస్తారు, దిగుడులో ఇంజను బంద్ చేస్తారా. ఇందులో ఎవరూ దొంగలు కాదు, అదే ఆమెకు మింగుడుపడటం లేదు, జనార్దన్ అన్న దొంగ కాదు, ఆమె ఆస్పత్రిలో ఉన్నప్పుడు క్యారేజీ తెచ్చింది ఆయనే, సృజన్ దొంగ కాదు, అందరికీ భయం, ఆ భయం ఎంత బాగా పనికొస్తోందో ఆ కంపెనీకి తెలుసు, నడపడం రాదు అంటే చాలు, మిగతాది మనమే చేసి పెడతాం, మనమే ఒకరి నోరు ఒకరం మూస్తాం, పులిహోర కూడా మనమే తెచ్చుకుంటాం.

ఎదురుగా పాల ట్యాంకరు ఒకటి లైట్లు వేసి ఆర్పింది, రెండుసార్లు. అద్దంలో చూస్తే వెనక రోడ్డు లేదు. తెల్లగా పొగ, రోడ్డంతా, కంచె దాకా, కంచె అవతల ఆవుల దాకా. ఈసారి వాసన కూడా వస్తోంది. పొగలో ఎవరైనా వెనక నుంచి వచ్చి గుద్దుకుంటే. సర్వీస్ మేనేజర్ మాట గుర్తొచ్చింది, ఆగకూడదు, కట్టెయ్యకూడదు. ఇండికేటర్ వేసింది, ఎడమ అద్దం చూసింది, భుజం మీదుగా తల తిప్పి చూసింది, లైసెన్సు టెస్టులో నేర్పినట్టే, మెల్లగా కంకర మీదికి దింపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజను కట్టేసింది. ఇన్ని నెలల్లో మసి కాల్చే షికారు మధ్యలో ఆ తాళం తిప్పడం ఇదే మొదటిసారి. ఏమీ కాలేదు. పొగ కాసేపు అక్కడే ఉండి కంచె దాటింది. కింద ఎక్కడో ఇనుము టిక్కు టిక్కుమంటోంది. ఒక ఆవు వచ్చి కంచె దగ్గర నిలబడింది.

మూడింటికి రెండు నిమిషాలు ఆలస్యంగా ఫోన్ మోగింది. లాయరు క్షమాపణ చెప్పింది, ఇప్పుడు మాట్లాడొచ్చా, నడుపుతున్నారా, అంది. ఆపాను అంది కృష్ణవేణి. నిర్ణయం తీసుకున్నారా. తీసుకున్నాను, నా పేరు పెట్టండి. ఇంట్లో మాట్లాడారు కదా, అంది లాయరు. మాట్లాడాను. వాళ్ళు కోర్టులో మీ డ్రైవింగ్ గురించే అడుగుతారు, ప్రతి ట్రిప్పూ అడుగుతారు, మీకు నడపడం రాదనే వాళ్ళ వాదనంతా, అది మీరు వినాలి, జవాబు చెప్పాలి. అడగనివ్వండి. సరే అయితే, కాగితంలో మీ పేరు, ఊరు, వృత్తి రాయాలి, ఇక్కడ అది పద్ధతి, పేరూ ఊరూ నా దగ్గరున్నాయి, వృత్తి సపోర్ట్ వర్కర్ అని రాయనా?

ఆవు తల తిప్పుకుని పోయింది. రోడ్డు మీద బస్సు ఒకటి పోతోంది, డ్రైవరు ఆమె బండిని చూసి, సాయం కావాలా అన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యెత్తింది.

"డ్రైవర్ అని రాయండి."

"నిజంగా చేసే పనే రాయాలి, వేణీ. వాళ్ళు పట్టుకుంటారు."

"ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిపినంతసేపూ నాకు జీతం ఇస్తారు. నేను రోజంతా నడుపుతాను. సపోర్ట్ వర్కర్ అండ్ డ్రైవర్ అని రాయండి. డ్రైవర్ ముందు రాయండి."

కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత లాయరు అది చదివి వినిపించింది, కృష్ణవేణి, హామిల్టన్, డ్రైవర్ అండ్ సపోర్ట్ వర్కర్. ఇంకోసారి చదవమంది. చదివింది.

బెరిల్‌కు సాయంత్రం అన్నం వేళకు అక్కడుండాలి. తాళం తిప్పింది, బండి స్టార్టయింది, దీపం ఎర్రబడింది, తొక్కినా అరవై దాటి పోలేదు. వెనక ఒక కారు చేరింది, దాని వెనక ఇంకోటి, కాసేపటికి వరస కట్టాయి. చోటు దొరికిన చోట ఎడమకు తప్పుకుని, వాళ్ళను పోనిచ్చి, అద్దం చూసి, భుజం మీదుగా చూసి, మళ్ళీ రోడ్డెక్కింది. ఎవరో ఓపిక పట్టలేక హారన్ కొట్టారు. ఈ దేశంలో హారన్ కొడితే తిట్టినట్టు. కొట్టుకోనీ. ఫోన్‌లో సృజన్ పేరు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. నడుపుతున్నప్పుడు ఆమె ఫోన్ ఎత్తదలుచుకోలేదు.